అద్దాల పెట్టెలో దువ్వెన

నేను ఒక దువ్వెనను. తల దువ్వుకోవడానికి పనికొస్తానేమోనని ఆశపడకండి. నేను కుక్కల దువ్వెనను, పిల్లులకూ పనికొస్తాను. జానెడు పొడవు, స్టీలు ఒళ్ళు, సగం పళ్ళు ఎడంగా, సగం పళ్ళు దగ్గరగా ఉంటాయి. ఎడం పళ్ళు చిక్కు తీయడానికి, దగ్గర పళ్ళు ఆ చిక్కులో దాక్కున్నవాటిని బయటికి లాగడానికి. మొన్న మొన్నటిదాకా నన్ను అద్దాల పెట్టెలో పెట్టి, పూలదండ వేసి, జనం దణ్ణం పెట్టుకునేవారు. దువ్వెనకు దణ్ణమేమిటని మీకు నవ్వు రావచ్చు. నాకూ మొదట్లో వచ్చింది. అద్దం అవతల గోడ బీటలోంచి ఒకటి బయటికి రావడం చూశాక ఆ నవ్వు పోయింది.

మొదటినుంచీ చెబుతాను.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక రేకుల షెడ్డులో. నా పళ్ళను మర పట్టి తీశాక ఒక ముసలాయన నన్ను తన ముంజేతి మీద గీసి చూశాడు. మొన గుచ్చుకుంటే పక్కన పడేసేవాడు, చర్మానికి తగలకపోయినా పక్కన పడేసేవాడు. చర్మం దాకా వెళ్ళాలి, గాయం చేయకూడదు. నా బతుకు ధర్మమంతా ఆ ముంజేతి మీదే తేలిపోయింది. ఈ ధర్మం నాకు అర్థమైనంత సులువుగా నన్ను పట్టుకున్న మనుషులకు అర్థం కాలేదు.

తరువాత రాజమండ్రిలో లోవరాజు అనే అతని కొట్టుకు చేరాను. కుక్కపిల్లలు, పిల్లికూనలు, చిలకలు అమ్మే కొట్టు. లోవరాజు చేతిలో గొప్ప నేర్పు ఉండేది. గుమ్మంలో కారు ఆగిన చప్పుడు వినపడితే చాలు, కుక్కపిల్ల మీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, పౌడరు చల్లి, నాతో బొచ్చు పైకి లేపేవాడు. పిల్ల దూది ఉండలా ఉబ్బేది. కొనేవాళ్ళ పిల్లలు కేరింతలు కొట్టేవారు. నా పళ్ళను మాత్రం ఎన్నడూ చర్మం దాకా దిగనివ్వలేదు. కింద ఏముందో చూడటం అతని వ్యాపారం కాదు.

అక్కడే నాకు గోమార్లతో పరిచయమైంది. గోమారి మీకు తెలియకపోదు. పశువుల చెవుల్లో, కుక్కల వేళ్ళ సందుల్లో మూతి గుచ్చి నెత్తురు తాగే పురుగు. ఆకలి మీదున్నప్పుడు నువ్వు గింజంత ఉంటుంది, కడుపు నిండితే ఆముదపు గింజంత అవుతుంది. అది ఎగరలేదు, దూకలేదు, పరుగెత్తలేదు. దానికి ఉన్న విద్య ఒక్కటే, ఓపిక. గోడ బీటలో తిండీ నీళ్ళూ లేకుండా నెలల తరబడి కూర్చుంటుంది, ఎప్పుడో ఒకప్పుడు ఒక వెచ్చటి ఒళ్ళు ఆ దారిన వస్తుందని. వస్తుంది కూడా.

ఒకసారి గోధుమరంగు కుక్కపిల్లను పైపైన దువ్వుతుంటే దాని చెవి కింద నా చివరి పన్నుకు గట్టిగా ఏదో తగిలింది. లోవరాజు చేయి ఆగలేదు. పిల్ల అమ్ముడుపోయింది. కొన్నాళ్ళకు ఆ ఇంటాయన దాన్ని కూరల సంచిలో పెట్టుకుని తిరిగి తెచ్చాడు. అప్పటికే అది కదలడం లేదు. లోవరాజు సంచిలోకి తొంగి చూసి, "మీరు దిష్టి తీయలేదాండీ? ఇంత అందమైన పిల్లకి దిష్టి తీయకపోతే ఎలాగండీ?" అన్నాడు. ఆయన తనదే తప్పన్నట్టు తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ కొట్టులోంచి నన్ను బయటపడేసిన పుణ్యాత్ముడు దక్షిణామూర్తి మాస్టారు. నిడదవోలు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. తెల్ల కాన్వాసు బూట్లు, మెళ్ళో ఈల. బడిలో ఉన్నన్నాళ్ళూ వారానికోసారి పిల్లలందరినీ వరసలో నిలబెట్టి గోళ్ళు, పళ్ళు, చెవులు తనిఖీ చేసేవాడట. రిటైరయ్యాక తనిఖీ చేయడానికి ఎవరూ లేక, పిల్లలు లేని ఇంట్లో కాలు గాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి కుక్కపిల్ల కోసం వచ్చాడు. లోవరాజు అందంగా ఉబ్బించి చూపిన పిల్లలను ఆయన ఒక్కొక్కటిగా వెల్లకిలా తిప్పి, బొచ్చును నోటితో ఊది, కింద చర్మం చూశాడు. పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. లోవరాజు ముఖం ముడుచుకుపోయింది. ఆఖరికి మూలనున్న సన్నపాటి తెల్ల పొమేరియన్ను ఎత్తుకుని, "ఇది శుభ్రంగా ఉంది. ఆ దువ్వెన కొసరు ఇయ్యి" అన్నాడు. అలా నేను కొసరుగా కొత్త ఇంటికి చేరాను.

ఆ పిల్లకు జాజి అని పేరు పెట్టింది మాస్టారి భార్య భ్రమరాంబ. పేరైతే పెట్టింది కానీ కుక్కతో ఆమెకు పెద్ద పొత్తు ఉండేది కాదు. ఆమెది కాటుక. కాటుకంటే పిల్లి, ఒక్క తెల్ల వెంట్రుక కూడా లేని నల్ల పిల్లి. కుక్క మీది, పిల్లి నాది అని మొగుడూ పెళ్ళాలు ఇంటిని పంచుకున్నారు. అయితే తనిఖీ విషయంలో మాస్టారికి ఆ పంపకం పట్టేది కాదు.

ప్రతి ఆదివారం పొద్దున్నే వరండాలో ఈల మోగేది. జాజి పరుగెత్తుకొచ్చి బెంచీ ఎక్కి నిలబడేది. ముందు చెవులు, లోపల వాసన చూసి గుడ్డతో తుడిచేవాడు. తరువాత పళ్ళు, ఆ తరువాత గోళ్ళు, చివరికి నేను. మాస్టారు బొచ్చును ముందు వాలు వెంట దువ్వి, తరువాత తోక నుంచి తల వైపు ఎదురు దువ్వేవాడు. చంకల్లో, చెవుల వెనక, తోక కింద వేళ్ళతో పాయ తీసి చూసేవాడు. గోమారి దొరికితే పట్టకారుతో మూతితో సహా లాగి, కిరసనాయిలు పోసిన కొబ్బరి చిప్పలో వేసేవాడు. "బొచ్చుదేముందే, లోవరాజు కూడా దువ్వుతాడు. తోలు చూడాలి, తోలు" అని కుక్కకు పాఠం చెప్పేవాడు. ఏడాదికోసారి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి సూది వేయించేవాడు. కుక్క అయ్యాక కాటుక వంతు. అది మీసాలు బిగించి గోళ్ళు చాపేది. "నీ ఒళ్ళు నువ్వే నాక్కుంటావు, సరే. నీ మెడ వెనక నీ నాలుక అందుతుందా?" అని దాన్ని తువ్వాలులో చుట్టి మెడ వెనక మాత్రం దువ్వి వదిలేసేవాడు.

ఇన్ని నియమాల మనిషి భార్య పెట్టిన ఒకే ఒక్క నియమానికి తల ఒగ్గేవాడు. ఇంట్లో దీపం పెట్టాక దువ్వెన ముట్టకూడదు. సంధ్య వేళ ఇంట్లో వెంట్రుక రాలితే లక్ష్మి నిలవదని ఆమె అత్తగారు చెప్పిన మాట. కుక్క వెంట్రుకకు కూడా ఇది వర్తిస్తుందా అని మాస్టారు ఒకసారి అడిగాడు. వెంట్రుక వెంట్రుకేగా అని ఆమె అంది. అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

అలా కొన్నేళ్ళు హాయిగా గడిచాయి.

ఆ ఏడు భాద్రపదంలో వానలు విడవకుండా పట్టుకున్నాయి. వానలో కాలవ గట్టు మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. మాస్టారు జాజిని తీసుకుని రోజూ ఆ గట్టు మీదే షికారుకు వెళ్ళేవాడు. ఒక శనివారం సాయంత్రం షికారు నుంచి వచ్చి, కుక్క చెవి గోక్కోవడం చూసి, ఆదివారం దాకా ఆగకుండా నన్ను అందుకున్నాడు. ఎడమ చెవి వెనక మడతలో నా దగ్గర పళ్ళకు ఒక గింజ తగిలింది. దాని పక్కన ఇంకొకటి తగిలింది. కిందికి జారితే మెడ చుట్టూ ఇంకా సన్నవి, నువ్వులు చల్లినట్టు. మాస్టారి చేయి ఆగిపోయింది.

"భ్రమరాంబా, ఆ కిరసనాయిలు చిప్ప ఇలా అందుకో" అని కేకేశాడు.

"దీపం పెట్టేశానండీ" అని లోపలి నుంచి ఆమె గొంతు వినపడింది. "దువ్వెన పక్కన పెట్టండి."

"ఒక్క నిమిషమే. దీని మెడ నిండా ఉన్నాయి."

"పొద్దున్న చూద్దురుగాని. అవి ఎక్కడికీ పారిపోవుగా."

మాస్టారు నన్ను చూశాడు, కుక్కను చూశాడు, లోపల వెలుగుతున్న దీపం వైపు చూశాడు. "రేపు పొద్దున్నే తనిఖీ, తెలిసిందా" అని జాజి తల నిమిరి, నన్ను వరండా గోడ గూట్లో పెట్టాడు. నా పళ్ళలో ఇంకా దాని తెల్ల వెంట్రుకలు రెండు మూడు చిక్కుకునే ఉన్నాయి. ఒక దువ్వెనకు నోరుంటే ఏం చేసేదో నాకు తెలియదు. ఆ సాయంత్రం మాత్రం నాకు నోరుంటే అరిచేవాణ్ణి.

ఆమె అన్నది నిజమే, అవి ఎక్కడికీ పారిపోలేదు. తెల్లారేసరికి వెళ్ళిపోయింది మాస్టారే. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

ఆ ఆదివారం ఈల మోగలేదు. జాజి మాత్రం వేళకు వచ్చి బెంచీ ఎక్కి నిలబడింది. ఇంటి నిండా జనం. ఎవరో దాన్ని కిందికి దించి అక్కడ కుర్చీ వేసుకున్నారు.

కొవ్వూరు నుంచి మాస్టారి అక్కగారు సోమిదేవమ్మ వచ్చింది. తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచిన మనిషి, ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. ఆవిడ చెడ్డది కాదు. దుఃఖం వచ్చినప్పుడు పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి మనుషులకు. ఆవిడ ఆచారాన్ని పట్టుకుంది. ఇంట్లో ఎవరూ తలకు నూనె పెట్టకూడదు, గోళ్ళు తీయకూడదు, దువ్వెన ముట్టకూడదు. మైల తీరేదాకా అంతే. ఇంట్లో వాళ్ళ దువ్వెనలన్నీ బీరువాలోకి వెళ్ళాయి. నేను గూట్లోనే ఉండిపోయాను, అక్కణ్ణుంచి వరండా అంతా కనపడుతుంది.

మూడు నాలుగు రోజులకు జాజి వెనక కాలితో మెడ గోక్కుని గోక్కుని పుండు చేసుకుంది. భ్రమరాంబ చూసింది. భర్త ఉండగా ఏనాడూ కుక్క జోలికి పోని మనిషి, లేచి వచ్చి గూటి వైపు చేయి చాచింది. ఆమె వేళ్ళు నాకు తగిలాయి కూడా.

"వద్దే భ్రమరా" అంది సోమిదేవమ్మ. "మైలలో దువ్వెనేమిటి?"

"నాకు కాదు వదినగారూ, కుక్కకి. చూడండి ఎలా గోక్కుంటోందో."

"వాడు దాన్ని బిడ్డలా సాకాడు. కొడుకులా వాడి పక్కనే తిరిగింది. దానికి మాత్రం మైల లేదంటావా? నాలుగు రోజులు పట్టమ్మా. వాడి కోసం ఆ మాత్రం పట్టలేదూ అది?"

'వాడి కోసం' అన్న మాటకు భ్రమరాంబ చేయి వెనక్కి పోయింది. కుక్కను తమ బిడ్డ అని అంత దాకా ఎవరూ అనలేదు ఆ ఇంట్లో. పిల్లలు లేని ఇల్లాలికి ఆ మాట ఎంత తీపిగా తగిలిందో, దాని కింద ఏముందో చూడటానికి ఆమెకు మనసొప్పలేదు. ఆ రోజు నుంచి జాజి ఆ ఇంట్లో మైల పట్టిన కొడుకైంది.

తరువాత అది తిండి తగ్గించింది. పెరుగన్నం వాసన చూసి పక్కకు తిరిగేది. వరండా మూలన మాస్టారి కాన్వాసు బూట్లు ఉన్న చోట గచ్చు చల్లగా ఉంటుంది. జ్వరంతో కాలే ఒళ్ళు ఆ చల్లదనాన్ని వెతుక్కుంది. వెళ్ళి బూట్ల మీద గడ్డం ఆనించి పడుకుంది. మిగిలిన కథంతా ఆ బూట్ల వల్లే జరిగింది.

ఆదిబాబు అనే అతను ఆ ఊళ్ళో ఫొటో స్టూడియో నడుపుతాడు. ఒకప్పుడు గోళ్ళ తనిఖీలో మాస్టారి చేత చీవాట్లు తిన్న శిష్యుడు. పరామర్శకు వచ్చి, బూట్ల మీద తల పెట్టి పడుకున్న తెల్ల కుక్కను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. కళ్ళు తుడుచుకుని ఫొటో తీశాడు. నిజంగానే ఏడ్చాడు, అందులో నటన లేదు. ఆ ఫొటో సాయంత్రానికల్లా ఊళ్ళో అందరి ఫోన్లలోనూ తిరిగింది. మర్నాటి నుంచి వరండాలోకి జనం రావడం మొదలైంది. బిస్కట్లు తెచ్చారు, పాలు తెచ్చారు. జాజి దేన్నీ ముట్టలేదు. ముట్టనప్పుడల్లా జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలూపారు. కన్నకొడుకులకు కూడా ఇంత ఉండదని చెప్పుకున్నారు. వచ్చినవాళ్ళందరూ దాని తల నిమిరారు. ఆ తెల్లటి మెత్తటి బొచ్చు మీద ఎన్ని చేతులు తిరిగాయో లెక్కలేదు. ఒక్క చేయి పాయ తీసి చూడలేదు. ఒక్కరు పెదవి ఎత్తి చిగురు ఎంత పాలిపోయిందో చూడలేదు. లోవరాజు కొట్టు తిరిగి గుర్తొచ్చింది నాకు.

భ్రమరాంబకు మాత్రం లోలోపల ఏదో పీకుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం కుక్క పొట్ట మీద చేయి వేసి చూసి, "ఒళ్ళు కాలిపోతోంది ఆదిబాబూ. పశువుల డాక్టరుకి చూపిద్దామా?" అని అడిగింది.

"డాక్టరుగారేం సేత్తారండీ అమ్మగారూ" అన్నాడు ఆదిబాబు. "ఇది మనసుకొచ్చిన జబ్బండీ. మేస్టారు కనబడితేగానీ తగ్గదు."

"దుఃఖం కాలుస్తుందే" అంది సోమిదేవమ్మ కొంగు కళ్ళకు అద్దుకుని. "నా ఒళ్ళు ముట్టుకుని చూడు, అదీ కాలుతోంది."

భ్రమరాంబ కుక్క పొట్ట మీది చేయి తీసేసింది. మీరు ఆమెను తిట్టుకునే ముందు ఒక మాట వినండి. ఇంటికొచ్చినవాళ్ళు వచ్చినంతసేపు ఏడ్చి కాఫీ తాగి వెళుతున్నారు. ఆగకుండా తనతో పాటు ఏడుస్తున్నది ఆ కుక్క ఒక్కటే అని ఆమె నమ్మింది. అది దుఃఖం కాదు, జబ్బు అని ఒప్పుకుంటే ఆ ఇంట్లో ఆమె ఒంటరిదైపోతుంది. నాకు ఆమె మీద కోపం వచ్చింది, జాలీ కలిగింది. రెండూ పనికిరానివే, నేను గూట్లో ఉన్నాను.

రెండు రోజుల తరువాత జాజి ముక్కులోంచి నెత్తురు చుక్క కారి తెల్ల బూటు మీద పడింది. గుండె పగిలిందన్నారు జనం. ఆదిబాబు ఆ చుక్కకూ ఫొటో తీశాడు.

మైల తీరే రోజు వచ్చింది. తెల్లవారుతూనే ఇల్లు కడిగారు, పసుపు నీళ్ళు చల్లారు. ఈ రోజు నన్ను దించుతారు, ఈ రోజు దించుతారు అని నేను గూట్లోంచి చూస్తూనే ఉన్నాను. గచ్చు మీద నీళ్ళు జాజి కాళ్ళ దాకా వచ్చినా అది లేవలేదు. పక్కింటావిడ చీపురు ఆపి వంగి చూసింది.

"మేస్టారి ఎనకాలే ఎళ్ళిపోయింది" అంది నెమ్మదిగా.

అప్పుడు నన్ను దించారు. ఆఖరి ఫొటో అందంగా రావాలని ఆదిబాబు నన్ను గూట్లోంచి తీసి జాజిని దువ్వాడు. అంత ప్రేమగా నన్ను ఎవరూ వాడి ఉండరు. అయితే పైపైనే దువ్వాడు. పైపైన దువ్వినా సరే నాకు అంతా తెలిసింది. బొచ్చు కింద చర్మం కనపడనంత ఉన్నాయి. చల్లబడుతున్న ఒళ్ళు వాటికి అక్కర్లేదు. ఒక్కొక్కటే మూతి ఊడదీసుకుని దిగిపోతున్నాయి. బాగా బలిసినది ఒకటి నా పళ్ళకు తగిలి ఆదిబాబు ఒళ్ళో పడింది.

"ఆముదం గింజ" అని అతను దాన్ని వేలితో కిందికి విదిలించాడు.

ఎదురుగా స్తంభానికి ఆనుకుని కూర్చున్న భ్రమరాంబ ఆ గింజ వైపు చూసింది. అది కాసేపు ఊరుకుని, ఆ తరువాత గోడ వైపు నడవడం మొదలుపెట్టింది. ఆమె చూపు దాని వెంటే గోడ దాకా వెళ్ళి ఆగింది. ఏడ్చి ఏడ్చి మసకబారిన కళ్ళు, ఏం చూశాయో ఏం చూడలేదో నాకు తెలియదు.

మాస్టారి శిష్యులు పూనుకుని గేటు పక్కన చిన్న మండపం కట్టారు. జాజిని దాని కింద పూడ్చారు. పైన అద్దాల పెట్టె పెట్టి, కాన్వాసు బూట్లు, ఈల, నేను, ముగ్గురినీ అందులో పెట్టారు. 'విశ్వాసానికి నిలువుటద్దం' అని బోర్డు రాయించారు. ఆదివారాల్లో జనం తమ కుక్కలకు స్నానాలు చేయించి, బొట్టు పెట్టి, దర్శనానికి తెచ్చేవారు. ఈ సన్నిధిలో మొక్కుకుంటే కుక్కకు విశ్వాసం పెరుగుతుందని ఎవరో పుట్టించారు. కుక్కకు విశ్వాసం తక్కువైందని ఎవరు చెప్పారో మరి. కుక్కలు మండపం నీడలో పడుకునేవి, గోడకు ఒళ్ళు రుద్దుకునేవి.

హడావిడిగా కట్టిన మండపం, నీళ్ళు సరిగా పట్టని సిమెంటు. చలికాలం వచ్చేసరికి సన్నగా బీటలు తీసింది. ఆ బీటల్లోకి ఏవి చేరాయో అద్దం లోంచి చూసింది నేనొక్కణ్ణే. ఆకలితో ఉన్నవి ముందు రెండు కాళ్ళూ గాలిలోకి చాచి కూర్చునేవి, ఎవరో ఎత్తుకుంటారని చేతులు చాచిన పసిబిడ్డల్లాగా. జనం ఇవతలి నుంచి నాకు దణ్ణం పెడుతుంటే అవి అవతలి నుంచి కాళ్ళు చాచేవి. కుక్కలు ఒక్కొక్కటే వచ్చి, కాసేపు పడుకుని, ఇంటికి వెళ్ళేవి. ఏ ఇంటికి ఏం తీసుకెళుతున్నాయో వాటికీ తెలియదు, వాళ్ళకీ తెలియదు.

మండపం పైన మధ్యాహ్నం ఎండ వెచ్చగా ఉండేది. అక్కడ పడుకోవడం కాటుకకు అలవాటైంది.

పిల్లి ఆరోగ్యంగా ఉన్నంత కాలం సగం పొద్దు ఒళ్ళు నాక్కోవడంతోనే గడుపుతుంది. నాక్కోవడం మానిందంటే ఏదో వచ్చిందన్నమాటే. మాస్టారుంటే ఆ రోజే పట్టేసేవాడు. కాటుక నాక్కోవడం తగ్గించింది. నిగనిగలాడే నలుపు పొగచూరిన నలుపైంది. నడుం దగ్గర బొచ్చు జడలు కట్టింది. మెడ వెనక, నాలుక అందని ఆ చోట, ఏవో పెరుగుతున్నాయి. భ్రమరాంబ దాన్ని ఒళ్ళో పెట్టుకోవడం తగ్గించింది. ఒక ప్రాణిని ప్రేమించి పోగొట్టుకున్నవాళ్ళు రెండోదాన్ని దగ్గరికి తీయడానికి భయపడతారు కదా.

మాసికం పెట్టే రోజున సోమిదేవమ్మ వచ్చింది. సాయంత్రం ఆదిబాబు పలకరింపుకు వచ్చి, మండపం మీద ముడుచుకుని కళ్ళు మూసుకున్న పిల్లిని చూసి ఆగిపోయాడు.

"అమ్మగారూ, ఇదెన్నాళ్ళ నుంచండీ తిండి మానేసింది?"

"నాలుగైదు రోజులైంది" అంది భ్రమరాంబ. "పాలు కూడా ముట్టడం లేదు."

ఆదిబాబు గొంతు తగ్గించాడు. "బెంగెట్టుకుందండీ ఇది కూడా. సూడండి, మేస్టారి బూట్ల మీదే పడుకుంది." ఫోను తీశాడు. "కొంచెం తల ఇటు తిప్పండమ్మగారూ."

మళ్ళీ మొదటినుంచీ మొదలవుతోంది. రేపు బిస్కట్లు వస్తాయి, పాలు వస్తాయి, చేతులు వస్తాయి. పెట్టెలో ఇంకో దానికి చోటు కూడా ఉంది.

భ్రమరాంబ పిల్లి తల తిప్పడానికి మెడ వెనక చేయి పెట్టింది. వేళ్ళ కింద ఏదో గుండ్రంగా, గట్టిగా తగిలింది. గింజలా ఉంది. ఆమె వేలు అక్కడే ఆగింది. కాసేపటికి ఆ గింజకు కాళ్ళున్నట్టు తెలిసింది.

ఆమె తల తిప్పి వరండా గచ్చు వైపు చూసింది. జాజిని దువ్వుతుంటే గచ్చు మీద నడిచిన ఆ గింజ ఆమెకు గుర్తొచ్చిందని నాకు అప్పుడు తెలిసింది. అన్నాళ్ళూ ఆ కళ్ళు దాన్ని ఎక్కడో దాచిపెట్టుకున్నాయి.

"ఫోను లోపల పెట్టు ఆదిబాబూ" అంది. "ఈ పెట్టె తాళం నీ దగ్గరే ఉందిగా. తియ్యి."

"ఇప్పుడాండీ? దండ కూడా మార్చలేదండీ."

"తియ్యమన్నాను."

డ్రిల్లు మాస్టారి భార్యకు ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆదిబాబుకు తెలిసే ఉంటుంది. చిన్నప్పటిలాగే గతుక్కుమని తాళం తీశాడు. ఆమె నా మీది పూలదండ లాగి పడేసి, నన్ను పిడికిట్లో పట్టుకుని, పిల్లిని ఎత్తుకుని వరండా బెంచీ దగ్గరికి నడిచింది.

సోమిదేవమ్మ అప్పుడే దీపం పెట్టి వస్తోంది. మరదలి చేతిలో దువ్వెన చూసింది.

"దీపం పెట్టానే భ్రమరా" అంది. "పొద్దు గూకాక దువ్వెనేమిటి?"

"ఆ వేళ కూడా దీపం పెట్టే ఉంది వదినగారూ" అంది భ్రమరాంబ. "ఆయన వీటి కోసమే దువ్వెన పట్టుకుని కూర్చుంటే, పొద్దున్న చూడొచ్చు, పక్కన పెట్టమన్నాను. జాజి మెడ నిండా ఇవే. బెంగా లేదు, మైలా లేదు. మనం దాని పుండు చూసి ఏడ్చాం గానీ, పుండు మాన్పలేదు. మీరు వద్దన్నారని నేను అనను. ఆయన చేతిలో దువ్వెన కింద పెట్టించింది నేనే."

భ్రమరాంబ వదినగారి జవాబు కోసం ఆగలేదు. ఆదిబాబు చేత కిరసనాయిలు చిప్ప తెప్పించి, పిల్లిని తువ్వాలులో చుట్టింది. ఎన్నో ఆదివారాలు వంటింట్లోంచి ఓరకంట చూసిన పని, చేతికి వచ్చేసింది. ముందు వాలు వెంట, తరువాత ఎదురు. నా దగ్గర పళ్ళు మెడ వెనక చర్మం దాకా దిగాయి. ఎన్నాళ్ళకు దిగాయో. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, వాటి కింద నువ్వులు.

"కనపడటం లేదు" అంది ఆమె కళ్ళు చికిలించి. వరండా బల్బు వెలుతురు నల్ల బొచ్చులో ఇంకిపోతోంది.

అప్పుడు సోమిదేవమ్మ లోపలికి వెళ్ళింది. అలిగి వెళ్ళిందనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో దేవుడి దగ్గర వెలిగించిన దీపం ఉంది. బెంచీ పక్కన వంగి, ఆ దీపాన్ని పిల్లి చెవి దగ్గర పట్టుకుంది.

"ఆ కిరసనాయిలు చిప్ప కాస్త అవతలికి జరుపు ఆదిబాబూ" అంది. "ఇప్పుడు కనపడుతోందా భ్రమరా?"

కనపడింది. ఆ వెలుతురులో భ్రమరాంబ పాయ పాయా తీసింది. ఆదిబాబు తన ఒంటిని అక్కడక్కడా తడుముకుంటూ చిప్ప పట్టుకుని కూర్చున్నాడు.

మందు కోసం వెతికితే జాజి కోసం మాస్టారు దాచిన పౌడరు డబ్బా దొరికింది. ఆదిబాబు మూత తీయబోతే భ్రమరాంబ లాక్కుంది. కుక్క మందు పిల్లికి విషమని మాస్టారు పదే పదే చెప్పడం ఆమె విని ఉంది. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని తెల్లవారే దాకా కూర్చుని, ఆసుపత్రి తలుపు తీయగానే వెళ్ళింది. డాక్టరు పెదవి ఎత్తి చిగురు చూశాడు. నెత్తురు పరీక్ష చేశాడు. బతుకుతుందని మాట ఇవ్వలేదు. ఇంకో వారం ఆలస్యమైతే తీసుకురావాల్సిన పనే ఉండేది కాదని మాత్రం అన్నాడు.

ఇప్పుడు నేను అద్దాల పెట్టెలో లేను. వరండా గూట్లో ఉన్నాను. పెట్టెలో నా చోటు ఖాళీగా ఉంది. ఆదివారాలు దర్శనానికి వచ్చినవాళ్ళు దువ్వెన ఏదని అడుగుతారు. భ్రమరాంబ మెళ్ళో ఈల వేసుకుని గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటుంది. ముందు మీ కుక్క చెవి ఎత్తి చూపించండి, తరువాత దణ్ణం పెట్టుకోండి అంటుంది. కొందరు చూపిస్తారు. కొందరు విసుక్కుని, విశ్వాసం గల ఇంట్లో ఈ తోలు తనిఖీ ఏమిటని వెళ్ళిపోతారు. బోర్డు తీసేస్తానని ఆదిబాబు అన్నాడు, ఇంకా తీయలేదు. బీటలు మాత్రం సిమెంటు పెట్టి పూడ్చాడు. పైకి కనపడినవి పూడ్చాడు.

నిన్న సాయంత్రం కాటుక ముందు కాలు ఎత్తి రెండు సార్లు నాకింది. మూడోసారికి ఓపిక లేక మానేసింది. భ్రమరాంబ అది చూసి లోపలికి వెళ్ళి దీపం వెలిగించింది. ఆ దీపాన్ని తెచ్చి బెంచీ మీద పెట్టుకుని, నన్ను చేతిలోకి తీసుకుంది.

గూట్లోంచి నాకు మండపం గోడ తెలుస్తూనే ఉంటుంది. కొత్త సిమెంటు కింద, పాత బీటలో అవి ఇంకా ఉన్నాయి. తిండి లేకుండా కూర్చున్నాయి, కాళ్ళు చాచుకుని, వెచ్చటి ఒంటి కోసం. వాటి ఓపిక నాకు తెలుసు. ఆ దీపం వెలుగుతున్నన్నాళ్ళు నాకూ ఓపిక ఉంది.